నాయన చొక్కాకు అంటిన ఎర్రమట్టి

మా చిన్నప్పుడు... జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో, పొద్దున్నే టీ అంగళ్ల ముందు నిలబడితే చాలు, ఎవరు ఏ గనికి పనికి పోతారో తెలిసిపోయేది. పై వీధి వాళ్లది ఒక అంగడి, మా కింద వీధి వాళ్లది ఇంకొకటి. రెండింటి మీదా రెండు పార్టీల జెండాలు. టీ మాత్రం రెండుచోట్లా ఒకేలా నీళ్లు నీళ్లుగా ఉంటుందని మా నాయన అనేవాడు. ఆయనకెలా తెలుసో చెప్పేవాడు కాదు.

ఊరికి రెండు నాపరాళ్ల గనులు... మా వైపు పార్టీని నడిపే పెద్దాయన గని నల్లరేగడి నేలలో ఉండేది. అవతలి పార్టీ వాళ్లది ఎర్రమట్టి గుట్ట మీద. కూలికి పిలిచేటప్పుడు పని వచ్చా అని కాదు, ఏ వీధి అని అడిగేవారు. అటు పనికి పోయినవాడు ఇటు కబుర్లు అటు మోస్తున్నాడని అనుమానం. ఆ రోజుల్లో అనుమానం పడిందంటే, పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి ఇల్లు చేరతాడన్న నమ్మకం లేదు.

మా నాయన బండలు లేపడంలో మొనగాడు. సుత్తితో రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గి వినేవాడు... పొర ఎక్కడ విడిపోతుందో చెప్పేవాడు. చెప్పినచోటే విడిపోయేది. అంచు చెదరకుండా, వాకిలి తలుపంత బండ లేచి వచ్చేది. పగుళ్లు ఉన్నాయని పక్కన పడేసిన బండల్లోంచి బాగున్నవి ఏరుకొచ్చి, మా మట్టింట్లో నేల పరచడం మొదలుపెట్టాడు. సగం ఇల్లు పూర్తయింది. ఎండాకాలం ఆ సగంలో పడుకోవడానికి నేనూ మా అమ్మా పోట్లాడుకునేవాళ్లం.

అంతలో గొడవలు ముదిరాయి... మా వైపు పెద్దాయన మీద కేసులు పడ్డాయి. గని మూతపడింది. నాయన నెలన్నర ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్న మనిషి ఊరుకుంటాడా... గోడలు తట్టేవాడు, తిరగలి తట్టేవాడు, అమ్మ చేత తిట్లు తినేవాడు.

ఒకరోజు అమ్మతో నిదానంగా అన్నాడు.

"గుట్ట మింద గనికి రమ్మంటాండారు. ఆడ మేస్త్రీ వేరే ఊరాయన. ఎవురికీ చెప్పడంట."

"తెలిస్తే బతకనిస్తారా నిన్ను?"

"రాయికేమన్నా పార్టీ ఉందా మే? నాకు వచ్చింది ఇదొగటే పని."

అప్పటినుంచి పొద్దున్నే సద్దిమూట పట్టుకుని ప్రొద్దుటూరు బస్సెక్కేవాడు. రెండు స్టాపుల తర్వాత దిగి, చేలకడ్డంగా నడిచి గుట్టకు పోయేవాడు. ఊళ్లో అడిగితే ప్రొద్దుటూరులో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని అని చెప్పాలి. నాకు కూడా అదే నేర్పారు.

అమ్మ ఆయన బట్టలు అందరూ ఉతికే వీధి బోరింగు దగ్గరికి తీసుకుపోయేది కాదు. పెరట్లో నీళ్ల గాబు పక్కన ఉతికి, నీళ్లు దిబ్బలో పోసేది. ఎందుకో నాకు చెప్పలేదు. అక్కడే పొరపాటు జరిగింది...

అమ్మకు జ్వరం వచ్చి పడుకుంది. నాకు పదేళ్లు. ఇంటిపని అంతా నేనే చేసి మెప్పు పొందాలని ఆశ. బట్టలన్నీ మూటగట్టి, కొత్త సబ్బుబిళ్ల పట్టుకుని బోరింగు దగ్గరికి పోయాను. నాయన చొక్కా బండ మీద వేసి నీళ్లు పోసి రుద్దాను... ఎర్రటి నీళ్లు కాలవ కట్టి పక్కనున్న ఆడవాళ్ల కాళ్ల కిందికి పోయాయి. మా ఊళ్లో చేలన్నీ నల్లరేగడే. ఎర్రమట్టి ఒక్క గుట్ట మీదే ఉంది.

పక్కింటి పెద్దమ్మ బిందె దించింది.

"మీ నాయన యాడికి పోతాండాడు పాపా?"

"ప్రొద్దుటూరుకు... ఫ్యాక్టరీకి."

"ఫ్యాక్టరీలో ఎర్రమట్టి యాడిది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

సాయంత్రం నాయన వచ్చాడు. దండెం మీద ఆరుతున్న చొక్కా చూశాడు. గాబు పక్కన నేల పొడిగా ఉండటంతో, పెరట్లో ఉతకలేదని ఆయనకు అర్థమైంది. నా తల నిమిరి, "శానా తెల్లగా ఉతికినావు పాపా" అన్నాడు. నేను పొంగిపోయాను.

మరునాడే పెద్దాయన ఇంటినుంచి పిలుపు వచ్చింది. నాయన పోయి తిరిగి వచ్చేదాకా అమ్మ జ్వరంతోనే గడపలో కూర్చుంది. పెద్దాయన ఆయన్ను కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీ వేసి మరీ మాట్లాడాడట.

"పని లేదని నాతో ఒగ మాట అంటే సరిపోయేది గదప్పా. రేపట్నించి ఈడనే ఉండు."

అంతే... నాయన ఆ ఇంటి అరుగు మీద కాపలాకు కట్టె పట్టుకుని కూర్చునే మనిషయ్యాడు. బియ్యం వచ్చేవి, బట్టలు వచ్చేవి, మాకు ఏ లోటూ లేదు. కానీ ఆయన మళ్లీ సుత్తి పట్టలేదు. కొన్నేళ్లకు అరచేతుల్లో కాయలన్నీ కరిగిపోయి, అవి ఎవరి చేతులో అన్నట్టు మెత్తగా అయిపోయాయి. గోడలు తట్టడం కూడా మానేశాడు. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు ఆ రెండు వైపుల వాళ్లూ ఒకే పార్టీ. ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చుంటారు. గనుల్లో మిషన్లు వచ్చాయి, ఎవరు ఏ వీధి అని అడిగేవాళ్లే లేరు. ఇంత తేలిగ్గా కలిసిపోయేదానికి, మా నాయన చేతిలో పని ఎందుకు లాక్కున్నారో... ఎవరిని అడగాలి?

నాయన పోయాక మిగతా సగానికి సిమెంటు వేయించాను. ఊరికి పోయినప్పుడు ఇల్లు నేనే కడుగుతాను. బండలున్న సగంలోకి వచ్చాక వేలితో రెండుసార్లు తట్టి చూస్తాను... నాకు ఏమీ వినపడదు.

మీ ఇళ్లల్లో కూడా ఇలా చేతిపని మధ్యలో ఆగిపోయినవాళ్లు ఉంటే, ఏం పనో, ఎందుకు ఆగిపోయిందో ఇక్కడ రాయండి. ఒక్కొక్కటే చదువుతాను. నేను మా నాయనకు చెప్పలేకపోయిన మాట మాత్రం ఇదిగో, ఇక్కడే రాస్తున్నాను... ఆ చొక్కా నేను ఉతక్కుండా ఉండాల్సింది నాయనా.