చింతపిక్కల నేరం

పెట్రోలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, నాకు ఏడేళ్ళు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మా నాన్న మోటారు సైకిలు ఇంజనులో గలగలమని చప్పుడు మొదలైంది.

"చింతపిక్కలు లోపలేసినావు కదమ్మే?" అని నాన్న నా మీద అరిచాడు.

"నేనెయ్యలేదు నాయనా! సూడు, అన్నీ ఈడనే ఉండాయి" అని ఏడుస్తూ నేను ఆడుకునే చింతపిక్కల డబ్బా చూపించినా నమ్మలేదు.

నాన్నను కన్న మా అవ్వ వంటింట్లోంచి పప్పుగుత్తి తెచ్చింది. ఒక కొన ఇంజనుకూ, రెండో కొన తన చెవికీ ఆనించి, అటూ ఇటూ జరుపుతూ వింది.

"ఇగో, ఈడ మర వదులైంది. బిగించు. బిడ్డనెందుకు తిడతావు?"

నాన్న బిగించాడు. చప్పుడు ఆగిపోయింది. నా వైపు చూడకుండానే చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు నన్ను బండెక్కించుకుని ఎమ్మిగనూరు బయల్దేరాడు. చేయని తప్పుకు శిక్షగా అక్కడి అమ్మమ్మ ఇంట్లో వదిలేస్తాడనుకుని, దారంతా ఉడికిపోతూ కూర్చున్నాను. ఆయన ఆ ఊరంతా తిప్పి, మళ్ళీ ఇంటికే తీసుకొచ్చాడు.

పెట్రోలు దొరకని ఆ రోజుల్లో అంత దూరం నన్ను తిప్పడమే ఆయన క్షమాపణ అని పెద్దయ్యాక అర్థమైంది. అయినా, ఆ మాటేదో నోటితో అనుంటే ఏం పోయేది?