అబిడ్స్‌లో పెరిగిన వయసు

మా శిఖరద్వీపంలో పుట్టినరోజున దొర ఒప్పుకుంటేనే వయసు పెరుగుతుంది. మా దొర ఏటా "వచ్చే ఏడు చూద్దాంలే" అనడంతో, తల నెరిసినా నాకింకా పంతొమ్మిదే.

పంతొమ్మిది వందల తొంభైల్లో ఒక పుట్టినరోజుకి నేను అబిడ్స్‌లో ఉన్నాను. బేకరీలో నా ఎదుట ఒక ముసలావిడ కూర్చుంది. చేతుల నిండా బంగారు గాజులు. పెద్ద అంతస్తు మనిషేననుకుని లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క ఏడాదైనా పెంచమని వేడుకున్నాను.

"గిదేంది బిడ్డా! దేవుడిచ్చిన ఏండ్లకు నా పర్మిషన్ ఎందుకు? కూసో" అంటూ తన కేకులో సగం తుంచి నా ప్లేటులో పెట్టింది. నా జుట్టు చూసి, "నలభై దాటినయా?" అనడిగింది.

హమ్మయ్య అనుకుంటూ కూర్చున్నాను.

"ఔనమ్మా, ఇప్పుడే దాటాయి."