మొదటి బిందె నీళ్ళు

ఒక ఏకాదశి సాయంత్రం, బళ్ళారిలోని మా ఇంటి నడవలో భజన సాగుతుండగా, ఎవరో పిండినట్టు నా కడుపు మెలిపెట్టింది. పాట మధ్యలో లేచి లోపలికి వెళ్ళి పడుకున్నాను.

"ఏమ్మే, ఉపాసమున్నోళ్ళకు కడుపునొప్పి ఎట్లొస్తాది? మిరపకాయ బజ్జీలు యాడ తిన్యావో చెప్పు," అని మా అత్త ఎగతాళి చేసింది.

నొప్పి నెలల తరబడి వదల్లేదు. వాయువన్నారు, కషాయాలు తాగించారు. శ్రావణంలో కుడి మణికట్టు వాలిపోయింది. భజనలో నేను వేసే తాళం చేతిలో నిలిచేది కాదు. భాగవతంలో పుట తిప్పడానికి మా ఆయన రావాలి. గదిలో పడుకుని భజన వినేదాన్ని. నేను పాట ఎత్తుకునే చోట మా వాళ్ళు అలవాటుగా ఒక్క క్షణం ఆగేవారు. ఆ క్షణంలో వాళ్ళ మధ్య ఉండాలని ప్రాణం కొట్టుకునేది.

పెద్దాసుపత్రి డాక్టరు నా చిగుళ్ళు చూసి, "ఈ నల్లగీత చూడప్పా," అని మా ఆయనను పిలిచాడు. బ్లడ్ టెస్ట్ అయ్యాక తేల్చాడు. "లెడ్ పాయిజనింగ్, ఒంట్లో సీసం చేరింది. చేతిది రిస్ట్ డ్రాప్. నీళ్ళు యాడ పడతారమ్మా?"

మా బావి ఉప్పుబారాక దొరల కాలపు కొళాయే దిక్కయింది. ఎవరూ ముట్టకముందు తెల్లవారుజామున మడితో పట్టిన మొదటి బిందె అయితేనే పూజకు పనికొస్తుందని మా అత్త సర్దుకుంది. ఆ తీర్థం పరగడుపున చెంబెడు తాగేదాన్ని. ఉపవాసంనాడు రోజంతా అవే నీళ్ళు. తక్కినవాళ్ళవి తర్వాత పట్టినవి.

"రాత్రంతా సీసం గొట్టంలో నిలిచిన నీళ్ళవి. అందరి వాటా విషమూ నువ్వే తాగినావు," అన్నాడు డాక్టరు.

"దేవుని తీర్థం విషమెట్లయితాది సామీ?" అని వెంట వచ్చిన మా అత్త ఉరిమింది.

"విషం దేవునిది కాదవ్వా, గొట్టానిది."

గొట్టం మార్పించాం. ఇంజెక్షన్లతో తేరుకుని ఇంటికొచ్చాక మళ్ళీ నొప్పి. "ఎముకల్లో దాగిన సీసం బయటికొస్తాండాది, ఓర్చుకో," అన్నాడు డాక్టరు. స్వామి నామమే పట్టుకుని ఓర్చుకున్నాను. ముందు వేళ్ళు కదిలాయి, చాలాకాలానికి మణికట్టు లేచింది.

ఇప్పుడు భజనలో కూర్చుంటున్నాను. రెండు పాటలకే చేయి అలసి, తాళం పక్కావిడకు ఇచ్చేస్తాను. మంగళహారతి దాకా నేనే వేయాలని ఇంకా ఆశ. స్వామి వేయిస్తాడనే నమ్మకం.

మీదీ పాత ఇల్లయితే గొట్టాన్ని చాకుతో గీకి చూడండి. మెత్తగా తెగి వెండిలా మెరిస్తే సీసమే. మార్పించేదాకా, పొద్దున్నే వచ్చే నీళ్ళతో వాకిలి కడిగేసి, బాగా పారిన తర్వాతే పూజకు పట్టండి. స్వామి అంతసేపు ఆగుతాడు.