గ్రిల్ మీద గాజుల చప్పుడు

నరసరావుపేటలో మా పై వాటాలో ఉన్న అక్క జర్మన్ రేడియో పదాలను ఇంగ్లీషులోకి మార్చే పని చేసేది. మాట తట్టనప్పుడల్లా బాల్కనీ గ్రిల్ మీద గాజులతో టిక్కుటిక్కుమని కొట్టేది. నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు ఆ చప్పుడు మధ్యాహ్నమైనా ఆగలేదు.

మిరపకాయల తొడిమలు తీస్తున్న అమ్మ తలెత్తి, "ఏందే, ఇయ్యాల మాట దొరకలా?" అంది.

"సాయంత్రానికి పంపాలి పిన్నీ. కార్యక్రమాల మధ్య ఖాళీలో, స్టేషన్ ఇంకా ఉందని తెలియడానికి చిన్న ట్యూన్ వేస్తారు. దానికి ఇంగ్లీషులో పేరు కావాలి."

"పొద్దుట్నించీ నువ్వు వాయించేది అదేగా."

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఆమెకు 'ఇంటర్వెల్ సిగ్నల్' అన్న మాట తట్టింది.

ఇప్పుడామె మాచర్లలో ఉంటోంది. రోజూ సాయంత్రం అమ్మ ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. నేను తిరిగి చెయ్యబోతే అమ్మ ఆపుతుంది.

"చెయ్యమాకు. పనేం లేదులే, ఉన్నానని చెబుతంది."