ఇండూరు దగ్గర గ్రావెల్ గుంతకు మళ్లీ దారి వేసిన రోజు

"గురువారం ఆపీసర్లు గుంత చూడ్డానికి వస్తారంట పాపా. నువ్వు వచ్చి నా పక్కన నిలబడు, చాలు" అని చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆమె కొడుకుకు హోసూరు ఫ్యాక్టరీలో ఆ రోజు సెలవు దొరకలేదు. ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు మా సరోజ చిన్నమ్మ. అందుకే మరుమాట లేకుండా సరేనన్నాను. ధర్మపురి మీదుగా హొగెనక్కల్ జలపాతానికి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. నేను బయలుదేరింది మా చిన్నాయన ప్రాణం పోయిన నీళ్లను చూడ్డానికి.

బెంగళూరులో తెల్లవారుజామున సేలం బస్సు ఎక్కాను. హోసూరు, కృష్ణగిరి దాటి ధర్మపురికి రావడానికి మూడున్నర గంటలు పట్టింది; టికెట్టు రెండు వందల లోపే. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, ఇండూరు వైపు వెళ్లే టౌన్ బస్సు ఎక్కాను. తమిళనాడులో మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లు డబ్బులు కట్టనక్కర లేదు. ఇండూరులో దిగి, గుంత దగ్గరికి ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. కానీ ఆటో అతను ఒక మలుపులోనే ఆపేశాడు.

"ఇక్కడి నుంచి నడిచి పోండమ్మా. గుంత రోడ్డు కిందికి తినుకుంటా వచ్చేసింది. బరువు బండి పోతే విరుగుతుందని భయం" అన్నాడు తమిళంలో. వెళ్లబోతూ, "గుంతలో పోయినాయనకు మీరేమవుతారు?" అని అడిగాడు. చెప్పాను. తల వంచుకుని ఆటో తిప్పుకున్నాడు.

చిన్నమ్మావాళ్లు తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు రైతులు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం ఎవరికీ రాదు. ఊరవతల వాళ్లకున్న రాళ్ల నేలలో ఉలవలు తప్ప ఏవీ పండేవి కావు. రోడ్డు పనులకు గ్రావెల్ కావాలని ఒక కాంట్రాక్టరు వచ్చి అడిగితే చిన్నాయన ఆ నేలను లీజుకిచ్చాడు. తవ్వకం అయ్యాక గట్లు వాలుగా చేసి, కంచె వేసి, పక్కకు తీసిపెట్టిన పైమట్టి మళ్లీ పరిచి అప్పగించాలని ఒప్పందం. అవేవీ జరగలేదు. పైగా చివర్లో, లారీలు దిగడానికి వదిలిన ఏటవాలు దారిని కూడా తవ్వి ఎత్తుకుపోయారు. నాలుగు వైపులా నిట్టనిలువు గోడలు మిగిలాయి. వానలకు గుంత నిండింది. పక్క పొలం సెల్వి ఆవు నీళ్లకోసం వంగి లోపలికి జారితే, చిన్నాయన పలుపు పట్టుకుని దూకాడు. ఆయనకు ఈత బాగా వచ్చు. కానీ గోడను ఎక్కడ పట్టుకున్నా గ్రావెల్ చేతిలోకి ఊడి వచ్చేది. జనం చేరేలోపల ఆవూ పోయింది, ఆయనా పోయాడు.

నేను వెళ్లేసరికి చిన్నమ్మ గుంతకు దూరంగా, ఒక బండరాయి పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి ఏడవలేదు. "తిన్నావా?" అని అడిగి నా చెయ్యి పట్టుకుంది. ఎర్రటి గోడల మధ్య ఆకుపచ్చగా ఉన్న ఆ నీళ్లలో ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఎంత లోతుందో చెప్పేందుకు ఒక్క గుర్తు కూడా లేదు.

పదిన్నరకు గనుల శాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. నెమ్మదిగా మాట్లాడే నడివయసు మనిషి. కాంట్రాక్టరు తరఫున వచ్చిన సూపర్‌వైజరు ఆయన వెంటే తిరుగుతూ, ఈ మధ్యే రోడ్డు వైపు వేసిన కంచెను, గట్టుమీద నాటిన కానుగ మొక్కలను చూపించాడు. చూపించడానికేనేమో, ఒక జేసీబీని కూడా పొలాల మీదుగా తెప్పించి నిలిపాడు. అధికారి వంగి ఒక మొక్కను మెల్లగా లాగాడు. అది నల్లటి ప్లాస్టిక్ సంచితో సహా చేతిలోకి వచ్చింది. రెండోదీ అంతే.

"పైమట్టి కుప్ప ఎక్కడ?" అని అడిగాడు.

"వానకు కొట్టుకుపోయింది సార్."

అధికారి గుంత చుట్టూ పూర్తిగా తిరిగి, గోడలకు ఫొటోలు తీసుకుని, చిన్నమ్మ దగ్గరికి వచ్చాడు. మాటలన్నీ తమిళంలోనే నడిచాయి; నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"అమ్మా, నేల మీది. పూర్తిగా పూడ్చమని అర్జీ ఇచ్చినారు. ఇప్పుడూ అదే మాటా?"

"అదే మాట సార్. పూడ్చేయండి. ఇంకొకరి ఇంట్లో ఈ ఏడుపు వద్దు."

చుట్టుపక్కల రైతులు కొందరు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్లలోంచి ఒకామె ముందుకొచ్చింది. ఆమే సెల్వి. చిన్నాయన పోయినప్పటి నుంచి చిన్నమ్మ గడప తొక్కలేదట.

"అక్కా, అడిగే మొగం నాకు లేదు. నా ఆవు కోసరమే అన్న దిగినాడు. అయినా అడగతా ఉండాను. ఈ గుంతలో నీళ్లు నిలిచినాక మా బావులు ఊరినాయి. ఈ ఎండాకాలం టమోటా ఎండిపోలేదు. పూడ్చేస్తే మళ్లా మేము ఊరు విడిచి కూలికి పోవల్ల. నువ్వు కుదరదంటే ఇంకో మాట మాట్లాడను."

సూపర్‌వైజరు చటుక్కున అందుకున్నాడు. "చూసినారా సార్, ఊరోళ్లే వద్దంటా ఉండారు. ఉన్నది ఉన్నట్టు వదిలేద్దాం."

"నువ్వు నోరు ముయ్యి" అంది చిన్నమ్మ. "ఆమె నీ కోసరం అడగలేదు."

చిన్నమ్మ నీళ్లవైపే చూస్తూ ఉండిపోయింది.

"సార్, నీళ్లు ఉండనిచ్చి, దిగినోళ్లు ఎక్కి వచ్చేటట్టు చేయొచ్చా?"

"చేయొచ్చమ్మా. గట్లు వాలుగా కోయించి, చుట్టూ కంచె వేయించి, ఒకపక్క ఏటవాలు దారి పెట్టించొచ్చు. అవన్నీ అయ్యేదాకా కాంట్రాక్టరు పని పూర్తి చేసినట్టు నేను సంతకం పెట్టను."

"అట్లయితే దారి ముందర వెయ్యండి. ఈ పొద్దే. నేను చూడల్ల."

సూపర్‌వైజరు డీజిల్ లేదన్నాడు. అధికారి జేసీబీ డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు, "ఉంది సార్" అని బండి ఎక్కాడు.

రోడ్డుకు ఎదురువైపు గట్టును కోయడం మొదలుపెట్టారు. మట్టి విరిగి నీళ్లలో పడిన ప్రతిసారీ చిన్నమ్మ కళ్లు మూసుకునేది. వేప నీడలో కూర్చున్నాక నాకు మాత్రమే వినబడేటట్టు తెలుగులో అడిగింది: "పాపా, ఆయన్ని మింగిన గుంతని నేనే ఉండనిచ్చినాను. తప్పు చేసినానా?"

"చిన్నాయన ఉంటే ఏమనేవాడు?"

నీళ్లవైపు చూస్తూ చెప్పింది. "ఆవు కోసరం దూకినోడు, బావులు వద్దంటాడా?" అని. అప్పుడు ఏడ్చింది. ఆ రోజు మొత్తంలో అదొక్కసారే. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని చింతపండు అన్నం డబ్బా తెరిచి, దూరంగా నిలబడ్డ సెల్విని పిలిచింది. "రా, తిను. పొద్దన్నుంచి నిలబడే ఉండావు." సెల్వి వచ్చి కూర్చుంది. ఇద్దరూ ఒకే మూతలో తిన్నారు.

దారి నీళ్లదాకా వెళ్లేసరికి ఎండ వాలింది. జేసీబీ దానిమీద అటూఇటూ తిరిగి మట్టిని అణగదొక్కింది. అధికారి తానే ముందు దిగి, ఎక్కి చూశాడు. చిన్నమ్మ చెప్పులు విడిచి లేచింది. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దంది. మెల్లగా నీళ్లదాకా నడిచింది. అక్కడ నిలబడి ఏమనుకుందో నాకు తెలియదు, నేను అడగలేదు. తర్వాత వెనక్కి తిరిగి, ఎవరినీ పట్టుకోకుండా పైకి వచ్చింది. కాస్త ఆయాసపడుతూ, "ఎక్కొచ్చు" అంది.

ఇది రాసేనాటికి మూడు వైపులా గట్లు వాలుగా కోయడం అయిందట, కంచె సగం వచ్చిందట. రెండోసారి తనిఖీ ఇంకా కాలేదు, సంతకమూ పడలేదు. మనం ప్రయాణం చేసే నున్నటి రోడ్ల కింద ఉన్న గ్రావెల్ ఎవరో ఒకరి నేలలోంచే వచ్చిందని నాకు ఇంతకుముందు ఎప్పుడూ తట్టలేదు. నేలను ముందున్నట్టు చేయడం ఎవరివల్లా కాదు. ఆమె నష్టమూ అలాగే ఉంటుంది. అయినా ఆ గుంత ఇక ఎలా ఉండాలో ఆ రోజు చిన్నమ్మ తేల్చింది. తనకు అన్నిటికన్నా కష్టమైన మాటను తానే ఎంచుకుంది.

అటువైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. వానాకాలంలో ఇలాంటి గుంతలు దారి పక్కనే కనిపిస్తాయి, నీళ్లు అందంగానే ఉంటాయి. ఫొటో కోసం అంచుకు వెళ్లకండి. పైన గట్టిగా కనిపించే గట్టు కింద డొల్లగా ఉంటుంది. పిల్లలుంటే చెయ్యి విడవకండి.