రాని పులి

తొంభైల్లో, మనసు దెబ్బతిన్న మాజీ సైనికుల వైద్యానికి విరాళాల కోసం బోథ్ నుంచి ఆదిలాబాద్ దాకా పరుగు కార్యక్రమం పెట్టారు. సైన్యం నుంచి వచ్చాక గడప దాటని, ఎవరితోనూ మాట్లాడని మా అన్న కోసం నేనూ పేరిచ్చాను.

తెల్లవారుజామున పత్తిచేల బాటన సాధన మొదలుపెట్టాను. మా ఊళ్లో ఊరికే ఎవరూ పరుగెత్తరు. వెనక్కి చూస్తే ఊరంతా కర్రలతో వస్తోంది.

"పులి ఏడుందిరా?" అన్నాడు పటేల్.

"పులి లేదే. ఊకెనే ఉరుకుతున్న."

ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. అంతలో గుంపులోంచి కర్ర పట్టుకుని అన్న ముందుకొచ్చాడు.

"గట్ల ఉరుకుతరా? భుజాలు వదులు జెయ్యి."

మర్నాడు నన్ను లేపింది ఆయనే. ఆ రాని పులికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.