సుత్తి తల సొరను ఊరి చేత నమ్మించిన యేసురత్నం గారు

యేసురత్నం గారు కన్నుమూశారన్న వార్త నాకు ఎస్. రాయవరం బడిలో, ఏడో తరగతి పిల్లలకు పద్యం చెబుతుండగా అందింది. ఫోను చేసినది ఆయన సహధర్మచారిణి కరుణమ్మ గారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, వరండాలోకి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడిపోయాను. నర్సీపట్నంలో రెండు తరాల ముఖాలను తన చీకటి గదిలోంచి వెలుగులోకి తెచ్చిన ఛాయాచిత్రకారుడు, నాకు పితృతుల్యుడు, ఇక లేరన్న మాటను మనసు చాలాసేపు ఒప్పుకోలేదు.

"ఎలా పోయారండీ?" అని మాత్రం అడగగలిగాను.

"అన్నం తిని వాలుకుర్చీలో పడుకున్నారమ్మా. టీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదు," అన్నారావిడ.

చెప్పొద్దూ, దుఃఖం ముంచుకొచ్చిన ఆ క్షణంలోనే గుండెల మీది బరువు కూడా కొంత దిగింది. కొంతకాలంగా ఆయనను ఉబ్బసం పీడిస్తోంది. ఆసుపత్రి మంచం మీద, గొట్టాల నడుమ, ఊపిరి కోసం పెనుగులాడుతూ పోతారేమోనని మేమందరం లోలోపల వణికిపోయాం. "ఒడ్డున పడేసిన సేపలాగ నన్ను ఎగరొప్పించి సంపకండర్రా," అని ఆయనే అనేవారు. ఆ భయం తీరింది. అనాయాస మరణం పుణ్యాత్ములకే లభిస్తుందంటారు, ఆయన విషయంలో అది నిజమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఆయనను ఎరుగని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. యేసురత్నం గారిది మిషను చర్చి నీడన ఎదిగిన కుటుంబం. తండ్రి కాంపౌండరు. కొడుకు మందు సీసాల చీటీల మీద పిట్టల బొమ్మలు వేస్తుంటే విసిగిపోయి, దుకాణాల బోర్డులు రాసే ఒక పెయింటరు దగ్గర పనికి పెట్టారు. కుంచె నుంచి కెమెరాకు వచ్చారు యేసురత్నం గారు. బస్టాండు వెనక సందులో స్టూడియో పెట్టి, ఫోటో వెనక వేలాడే తెరలన్నీ తానే చిత్రించుకున్నారు. అన్ని స్టూడియోల్లాగే ఆయన దగ్గరా ఒక పాలరాతి మహలూ, ఒక జలపాతమూ ఉండేవి. అయితే ఆయన కీర్తికి మూలం తెరలు కాదు, అతికింపు ఫోటోలు. పెళ్ళినాటికి చనిపోయిన తండ్రినో తల్లినో పాత ఫోటోలోంచి కత్తిరించి, అంచులను గరుకు కాగితంతో పల్చగా అరగదీసి, వధూవరుల పక్కన అంటించి, కుంచెతో సవరించి, దాన్ని మళ్ళీ ఫోటో తీసేవారు. పోయినవాళ్ళు పెళ్ళికి వచ్చి నిలబడినట్టే ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆ ఫోటోలు పట్టుకెళ్ళేవారు.

ఆ ప్రతిభే ఆయన కొంప ముంచింది. తొంభైల నడుమ ఒకసారి ఆయన నక్కపల్లి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న పల్లెకు పెళ్ళి ఫోటోలకు వెళ్ళారు. తెల్లారి వలలో ఒక మహామత్స్యం పడింది. ఒళ్ళు సొరచేపదే. తల మాత్రం సుత్తిలాగ అడ్డంగా సాగి, ఆ చివరొక కన్ను, ఈ చివరొక కన్ను. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని ఫోటోలు తీశారాయన. ఆయన రీలు తిప్పుకునేలోగా జాలర్లు దాన్ని కోసి అమ్మేసుకున్నారు. తిరిగొచ్చి ఆ ఫోటోను పెద్దదిగా వేసి, పెళ్ళికూతుళ్ళ ఫోటోలు తీసేసి మరీ, స్టూడియో అద్దాల పెట్టెలో పెట్టారు. ఊరు ఊరంతా వచ్చి చూసి, మెచ్చుకుని, ఒక్క ముక్క కూడా నమ్మకుండా వెళ్ళిపోయింది.

"భలే అతికించేరండీ," అన్నాడు ఎదుటి టీకొట్టు అప్పలస్వామి. "సొరకి సుత్తి ఎట్టాలని మీకే తోసిందా, ఎవులైనా సెప్పేరా?"

నవ్వేసి ఊరుకునే మనిషైతే ఆయన యేసురత్నం గారెందుకవుతారు? అంతటి కళాకారుడికి అంతటి పంతం. "అతికించింది అతికినట్టు కనపడితే నా తప్పు. అతికించనిది అతికినట్టు కనపడితే సూసేవోడి తప్పు," అన్నారు. ఆ మాట తర్వాత మేం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆ సొరను ఊరు నమ్మేదాకా అతికింపు ఫోటో చేసేది లేదని కరుణమ్మ గారి ఎదుట ఒట్టు పెట్టుకుని, కత్తెర తీసి అటక మీద పడేశారు.

సరిగ్గా ఆ సమయంలోనే నా పెళ్ళి కుదిరింది. మాది కృష్ణదేవిపేట. వరి, కొద్దిగా జీడితోట. నా వివాహం చూడాలని ఎంతో తపించిన మా నాన్న అంతకు ముందు ఏడాదే పాము కాటుకు పోయారు. ఆయనకున్నది ఒకే ఒక్క ఫోటో. చెరకు రైతులంతా కలిసి దిగిన దాంట్లో, వెనక వరసలో, మెడ దాకా మాత్రమే కనిపిస్తారు. అమ్మ ఆ ఫోటోను తువ్వాల్లో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, షేర్ ఆటోలో స్టూడియోకు వచ్చింది. "బాబూ, పిల్ల పక్కన ఈయన్ని నిలబెట్టాలి. మీకే సాతనవుతాదని సెప్పేరు," అంది.

ఆయన ఫోటోను చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేశారు. "పెళ్ళికొస్తానమ్మా. ఫోటోలు తీస్తాను. అతికించడం మటుకు ఇప్పుడు సెయ్యను. ఒట్టుంది." అమ్మ ఫోటో అందుకుంది. తువ్వాలు మళ్ళీ చుట్టుకుంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మరొకరి దగ్గరకు పోదామంటే, ఆ పని అంత తీరుగా చేసేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

పెళ్ళినాడు మాత్రం వింత జరిగింది. అందరితో కలిసి తీసే ఫోటోకు నా కుడిపక్క మా పెదమావయ్య వచ్చి నిలబడబోతే యేసురత్నం గారు కెమెరా వెనకనుంచి చెయ్యి ఊపారు. "అక్కడికి ఎవులూ రాకండి. అది ఆయన జాగా." ఆ ఒక్క ఫోటోకు వేరే కెమెరాలో నలుపు తెలుపు రీలు వేశారు, తన చీకటి గదిలో తానే కడుక్కోవడానికి. నా పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి తీశారు. ఒట్టు వదలలేదు, జాగా కూడా వదులుకోలేదు.

ఆషాఢమాసానికి పుట్టింటికి వచ్చి, ఫోటో కోసం వెళ్ళాను. ఖాళీ ఖాళీగానే ఉంది. అంతే, నోటికి అడ్డు లేకపోయింది. "ఏటండీ ఇది? మీ సేపకి పరువుంది గాని, మా నాన్నకి జాగా లేదా? అంత నిజమైతే దాన్నే ఒట్టుకొచ్చి ఊరికి సూపించండి. లేదంటే కత్తెర దించండి," అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ నాకు పశ్చాత్తాపం లేదు. కరుణమ్మ గారు లోపల్నుంచి, "బాగా అడుగమ్మా, నా మాటెలాగా ఇనరు," అన్నారు. ఆయన నా వైపు తిరిగి, "తెస్తే వస్తావా సూడ్డానికి?" అన్నారు. వస్తానన్నాను.

ఒడ్డున జాలర్లకు ముందే చెప్పి పెట్టుకున్నారు కాబోలు, ఆషాఢం ముగిసేలోగానే నక్కపల్లి బస్సు కండక్టరు చేత కబురొచ్చింది. అలాంటి సొరే, చిన్నది పడింది, బేగి రమ్మని. తొలి బస్సుకు గోనెసంచితో వెళ్ళారు. ఐసు వేసి చుట్టుకుని తిరుగు బస్సెక్కబోతే కండక్టరు ససేమిరా అన్నాడు. చివరికి చేప బస్సు పైన, ఈయన లోపల. ప్రతి స్టాపులోనూ దిగి, మెడ పైకెత్తి, అది ఉందో లేదో చూసుకుని మళ్ళీ ఎక్కారట. బస్సంతా తిట్టుకున్నా లెక్కచెయ్యలేదు.

నాకు కబురు పెడితే అమ్మను తీసుకుని వెళ్ళాను. పాస్‌పోర్టు ఫోటోలకు జనం కూర్చునే స్టూలు వీధిలో వేసి, దాని మీద సొరను పెట్టారు. చేతి పొడుగుంది. పక్కనే ఆ పెద్ద ఫోటో. సందు నిండిపోయింది. కంపు సంగతి ఎవరికీ పట్టలేదు. అప్పలస్వామి ముందుకొచ్చి కుట్టు కోసం తడిమాడు. దొరక్కపోయేసరికి సైకిలు హ్యాండిల్ పట్టుకున్నట్టు ఆ తలను రెండు చివర్లా పట్టుకుని గట్టిగా లాగాడు. చేప మొత్తం లేచొచ్చింది గాని తల ఊడలేదు.

"ఇది పుట్టుకేనండీ," అన్నాడు అప్పలస్వామి నెమ్మదిగా. "మాదే తప్పు."

యేసురత్నం గారు స్టూడియో మెట్టు మీద కూలబడి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "నమ్మేరమ్మాయ్," అన్నారు నాతో. అంత తేలికపడిన మనిషి ముఖాన్ని నేను మళ్ళీ చూడలేదు. తర్వాత అందరూ ఆ సొరతో ఫోటో దిగుతామని ఎగబడ్డారు. అప్పలస్వామే మొదట నిలబడ్డాడు.

సాయంకాలం కరుణమ్మ గారు అటక మీంచి కత్తెర దించారు. ఆయన మా అమ్మ వైపు తిరిగి, "మీ ఆయన కట్టుకునే పంచె, కండువా ఉంటే పంపండమ్మా," అన్నారు. మచ్చుకు కాబోలు, చూసి ఒంటిని కుంచెతో గీస్తారనుకున్నాను. ఆషాఢం వెళ్ళి నేను అత్తవారింటికి బయలుదేరే ముందు ఫోటో ఇచ్చారు. నా కుడిపక్క మా నాన్న. ఇస్త్రీ పంచె, కండువా, ముందుకు కట్టుకున్న చేతులు. పెళ్ళిలో ఏడవని దాన్ని, ఆ స్టూడియోలో ఏడ్చాను. నాకు కావలసింది నాకు దక్కింది.

ఆ సొర ఆయన కళాజీవితానికే కొత్త దారి చూపింది. సుత్తి తల ఉన్న జీవాలన్నిటి మీదా ఆయనకు అలవిమాలిన మమకారం పుట్టింది. పాత కాగితాల కొట్లో దొరికిన విదేశీ పత్రికల్లోంచి ఆఫ్రికాలోని సుత్తి తల కొంగనూ, సుత్తి మూతి గబ్బిలాన్నీ వెతికి పట్టి స్టూడియో గోడల మీద చిత్రించారు. ఒక వానాకాలం తన పెరట్లోనే, పూలకుండీ కింద, తల సుత్తిలా వెడల్పైన పురుగొకటి కనిపిస్తే, చిన్నది పెద్దగా కనపడేలా లెన్సు తిరగేసి పట్టుకుని, బురదలో బోర్లా పడుకుని ఫోటో తీశారు. "దేవుడు ఆఫ్రికాలోనే కాదు, మా పెరట్లోనూ పనిసేసేడు," అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించేవారు. అన్నిటికన్నా గొప్పది, జలపాతం తెర తీసేసి దాని స్థానంలో వేసిన సముద్రం తెర. నీలి నీటిలో నిండుగా ఈదే సుత్తి తల సొర. పెళ్ళిజంటలు దాని ముందు నిలబడమంటే భయపడేవి. పిల్లలు మాత్రం చేతులు బార్లా చాపి, తామే సొరలైనట్టు దిగేవారు. నా కూతురు కూడా దిగింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. పని లేని చీకటి గదిలో ఆయన చర్చి కుర్చీలు సర్దిపెట్టారు. "ఇప్పుడు బటన్ నొక్కితే నాన్న వచ్చేస్తన్నాడమ్మాయ్. మన కష్టం పోయింది, మంచిదే," అనేవారు. ఆ మాటలో నాకు ఎన్నడూ ఈర్ష్య వినిపించలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక, ఇంటివాళ్ళను ఓదార్చడానికి చర్చివాళ్ళు జరిపే ఆదరణ కూడిక నాడు నేనూ నా పెళ్ళి ఫోటో సంగతి నాలుగు మాటల్లో చెప్పి కూర్చున్నాను. కరుణమ్మ గారు టీ తెచ్చి నా పక్కన కూర్చున్నారు. "నీకొకటి సెప్పాలమ్మా. నువ్వు సెప్పిందాంట్లో ఒకటి తేడా ఉంది. ఆ ఫోటోలో ఒళ్ళు ఆయన గీసింది కాదు. మీ నాన్న పంచె కట్టుకుని, కండువా ఏసుకుని ఆయనే నిలబడ్డారు. ఫోటో తీసింది నేను. మెడ పైనే మీ నాన్న. 'ఆ పిల్లకి సెప్పకు, తండ్రిని సూసుకోవాలి గాని మధ్యన నేనెందుకు' అన్నారు."

ఇన్నేళ్ళూ నా పక్కన చేతులు కట్టుకుని నిలబడిన దేహం ఆయనదన్న మాట. సమాధి నాడు నేను మట్టి చల్లి వచ్చింది ఆ చేతుల మీదే. అలాంటి కళాకారుడు ఇక పుడతాడన్న ఆశ నాకు లేదు. పుట్టినా ఒకరి తండ్రికి తన ఒళ్ళు అరువిచ్చి ఆ సంగతి గుప్తంగా ఉంచుకునేవాడు పుట్టడు.

అక్కణ్ణుంచి తిన్నగా కృష్ణదేవిపేట వెళ్ళాను. మా ఇంట్లో నాన్న పటం అంటే ఆ పెళ్ళి ఫోటోయే. అమ్మ రోజూ దాని మీద నాన్న ముఖం దగ్గర ఒక పువ్వు గుచ్చుతుంది. విషయం ఎలా చెప్పాలా అని తడబడుతూ చెప్పాను. అమ్మ గోడ వంకే చూస్తూ వింది.

"నాకు తెల్సునే," అంది. "మీ నాన్న ఎప్పుడైనా రెండు కాళ్ళ మీదా తిన్నగా నిలబడ్డాడేటి? ఒక కాలి మీద బరువేసి ఒరుగుతాడు. నువ్వు ఫోటో తెచ్చిన నాడే సూసేను."

"మరెందుకు చెప్పలేదు?"

"సెప్తే ఏటవుతాది? నీ పక్కన జాగా ఖాళీగా లేదు. నాకదే సాలు."

అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళి, రెండు మందారాలు కోసుకొచ్చింది. ఒకటి ఎప్పటిలాగే నాన్న ముఖం దగ్గర గుచ్చింది. రెండోది వంగి, ఆ తిన్నని కాళ్ళ దగ్గర పెట్టింది.